రెండోవైపు చివర మిగిలిన టేపు

ఫణిశంకర్ తనకి చేసిన అన్యాయాన్ని సూర్యం ఈ జన్మకి మరిచిపోడు. టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెప్పిన నారాయణరావు మాస్టారి కొడుకు ఆ ఫణిశంకర్. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. "తీసేస్తాను గురూ, నాదీ పూచీ" అని చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు. తీసేశాడు కూడా. ఒకచోట తీసి ఇంకోచోట పెట్టాడు. మామూలు దొంగ ఎత్తుకుపోయింది దాచుకుంటాడు. ఈయన ఊరంతా వినేట్టు పెట్టాడు.

సూర్యానిది వజ్రపుకొత్తూరు దాటాక వచ్చే ఉద్దానపు పల్లె. పడుకుంటే సముద్రం హోరు వినపడుతుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి జీడితోటలో పనికి దిగాడు. చదువు అబ్బలేదు గానీ చెయ్యి ఊరుకునేది కాదు. వాళ్ళ మేనమామ కథలు చెప్పేవాళ్ళ వెనక జముకు వాయించేవాడు. గుల్ల బుర్ర, అడుగున తోలు, తోలు నడుమ నుంచి బిగించిన నరం. చంకలో ఇరికించుకుని ఆ నరాన్ని మీటితే కడుపులోంచి మూలిగినట్టు ఉంటుంది. సూర్యం అది పట్టుకున్నాడు. తర్వాత పలాసలో పెళ్ళిళ్ళకి సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలో చేరి, ఎవరూ ముట్టని బేస్ గిటారు తీసుకున్నాడు. తీగని వేళ్ళతో నిమరమంటే వీడు బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి వదిలేవాడు. ఆర్కెస్ట్రా ఓనరు "పెళ్ళికొచ్చావా, దిష్టి తియ్యడానికొచ్చావా" అని తిట్టేవాడు.

అలా వాయిస్తూ ఉండగా టెక్కలిలో ఒక పెళ్ళిలో ఫణిశంకర్ విన్నాడు. విశాఖపట్నంలో ఇంజనీరింగు సగంలో వదిలేసి, ఒక గిటారూ, సంచెడు ఫారిన్ క్యాసెట్లూ పట్టుకుని అప్పుడే ఇంటికొచ్చి ఉన్నాడు. భోజనాల దగ్గర సూర్యం పక్కన విస్తరి వేయించుకుని కూర్చున్నాడు.

"నువ్వు చేస్తున్నదాన్ని అమెరికాలో ఫంక్ అంటారు. దానికి నా గిటారు తోడైతే ఫంక్ మెటల్. తెలుగులో ఇంతవరకూ ఎవడూ చెయ్యలేదు."

"ఏటంటారో నాకు తెల్దు పంతులు. మా మావ దీన్ని జముకంతాడు. పప్పు కలుపుకో, సల్లారిపోతంది."

కానీ ఆ మాట సూర్యం మనసులో దిగబడిపోయింది. అంతవరకూ అతని వేలిని తిట్టినవాళ్ళే గానీ, దానికో పేరుందని చెప్పినవాడు లేడు.

మూడో మనిషి అప్పన్న. తప్పెటగుళ్ళు ఆడే కుటుంబం. గుండె మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో గంటల తరబడి ఎగిరినా ఆయాసం ఎరగనివాడు. అతన్ని డ్రమ్ముల ముందు కూర్చోబెడితే మొదటి రోజు స్టూలు విరగ్గొట్టాడు. నాలుగోవాడు డబ్బు పెట్టేవాడు, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే బాబ్జీ. ఏటా సూర్యం తోటలో జీడిపిక్కలు కొనేది అతనే.

"ఇన్నాళ్ళూ పిక్కలు కొన్నోణ్ణి, పాటలు కొనలేనేటి అల్లుడూ" అన్నాడు బాబ్జీ. "కానైతే పిక్కలు కళ్ళకి కనపడతాయి. పాటలు కనపడవు. ఏదో ఒకటి కనపడేది రాయి."

సూర్యం తండ్రి అప్పటికే మంచాన ఉన్నాడు. పంపకాల్లో సూర్యం పేర పడ్డ జీడితోట ఉంది. దాన్ని బాబ్జీకి రాశాడు. తనఖా అంటే తనఖా కాదు. అక్కడి పద్ధతి వేరు. అమ్మినట్టే కాగితం రాస్తారు, గడువులో డబ్బు తిరిగిస్తే ఆ కాగితం చింపేస్తారు. చింపినవాళ్ళని ఎవరూ పెద్దగా చూసిన దాఖలా లేదు. "క్యాసెట్టు ఆడితే మొదటి డబ్బు నీ తోటకే" అని ఫణిశంకర్ అన్నాడు. ఆయనది గిటారు, ఆయనవి చదువూ మాటలూ. తోట మాత్రం సూర్యానిది.

రికార్డింగు బాబ్జీ గొడౌనులోనే. పిక్కలు కాల్చే బట్టీ పక్కన, సీజను లేని నెలల్లో. గోడలు మోగకుండా పిక్కల గోనెలు నిలువెత్తున పేర్చారు. విశాఖపట్నం నుంచి అద్దెకి తెచ్చిన రికార్డరు, ఒక ఇన్వర్టరు. పొగచూరిన గోడల నుంచి జీడినూనె ఘాటు ఎప్పుడూ దిగుతూనే ఉండేది. పాడేసరికి గొంతు మండేది. క్యాసెట్టుకి పేరు దాంతోనే దొరికింది. జీడి పొగ.

ఆ పాటల్ని పాటలనడానికి కూడా ధైర్యం ఉండాలి. ఒక పాటలో మాటలన్నీ ఆటోస్టాండు కేకలే. "టెక్కలి టెక్కలి టెక్కలి, ఇద్దరే ఇద్దరు, ఎక్కిపోతే కదిలిపోద్ది" అని ఫణిశంకర్ గొంతు చించుకుంటూ ఉంటే కింద సూర్యం బొటనవేలు గుద్దుతూ ఉండేది. ఇంకోటి నౌపడ ఉప్పుమళ్ళ మీద. పార ఉప్పులో గీసే చప్పుడు తప్ప అందులో చాలాసేపు ఇంకేమీ లేదు. ఒక పాట నడుస్తుండగా కరెంటు పోయి, ఇన్వర్టరు చాలక టేపు నెమ్మదించి, గొంతులు ముసలి గేదె అరుపులైపోయాయి. చెరిపేద్దామన్నాడు అప్పన్న. ఫణిశంకర్ ఉంచేశాడు. పప్పు వలిచే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర నిలబడి వినేవారు.

"ఏటమ్మా ఇది, పాటా?"

"పాటేనట. బాబ్జీ మావ డబ్బు కాలిపోతన్న సప్పుడు."

వాళ్ళు నవ్వితే సూర్యానికి కోపం వచ్చేది కాదు. పిక్క కొట్టే సుత్తుల దెబ్బ ఎలా పడుతుందో వాళ్ళ చేతుల నుంచే పట్టుకుని ఒక పాటకి నడక కట్టాడు. ఆ రోజుల్లో అతను ఉన్నంత సంతోషంగా అంతకుముందు లేడు, తర్వాతా లేడు.

మధ్యలో తండ్రి పోయాడు.

కిడ్నీల జబ్బు. నూతి నీళ్ళ వల్లే వస్తుందంటారు. ఆ చుట్టుపక్కల అది లేని వీధి లేదు. పైకి చెప్పుకునే ఇల్లూ లేదు. ముందు కాళ్ళు పొంగుతాయి, తర్వాత మొహం. జబ్బున్న ఇల్లని తెలిస్తే బయటి ఊళ్ళవాళ్ళు పిల్లనివ్వరు, పిల్లని చేసుకోరు. అందుకని పోయినవాళ్ళందరూ గుండె ఆగే పోతారు.

శవం వాకిట్లో ఉండగా తల్లి బొడ్డమ్మ శోకం పెట్టింది. ఆ పల్లెల్లో దానికో కట్టుబాటుంది. శోకంలో ఆడమనిషి ఏమైనా అనొచ్చు. అత్త పెట్టిన కష్టం, మరిది ఎగ్గొట్టిన బాకీ, మొగుడు తిట్టిన తిట్టు, ఇంట్లో ఎవరికీ చెప్పని గుట్టు, అన్నీ రాగంలో పెట్టి చచ్చినవాడికి చెప్పేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ వింటారు. స్నానాలయ్యాక ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎంత పగ ఉన్నా, జుట్టూ జుట్టూ పట్టుకున్న రోజున కూడా "నువ్వు ఆవేళ శోకంలో ఇలా అన్నావు" అని ఎవరూ అనరు. అన్నవాడి గడప తొక్కరు.

ఆ వేళ బొడ్డమ్మ చెప్పవలసింది చెప్పింది. ఫణిశంకర్ ఆ ముందురోజు నుంచీ అక్కడే ఉన్నాడు, అప్పన్న వాళ్ళ తప్పెటగుళ్ళు రికార్డు చేసుకుందామని. సంచిలో చిన్న రికార్డరుంది. సంచి మూత తీసి మీట నొక్కాడు.

పెద్దకర్మ అయిన వారానికి గొడౌనులో అది పెట్టి వినిపించాడు. సూర్యం లేచి రికార్డరు మీదికి చెయ్యెత్తాడు. అప్పన్న అడ్డం పడ్డాడు.

"ఇది మీ పాటలాంటిది కాదు పంతులు. సచ్చినోడికి సెప్పుకున్నది. దీన్ని తిరిగి వినకూడదు" అన్నాడు సూర్యం.

"అందుకే అడుగుతున్నాను గురూ. ఒక్కసారి దీని కింద నువ్వు వాయించు. మీ నాన్నకే వాయించు. నచ్చకపోతే టేపు నీ చేతికిస్తాను, కాల్చెయ్."

సూర్యం వాయించాడు. తల్లి రాగం ఎక్కడ వంగితే అక్కడ నరం లాగాడు. ఫణిశంకర్ గిటారు దూరం నుంచి బరువుగా వచ్చి కలిసింది. అదే క్యాసెట్టులో చివరి పాటైంది. కానీ అందులో ఒక చరణం ఉంది.

"ఓలమ్మో, నన్నొగ్గేసి ఏ దారిని ఎల్లిపోనావు మావో, నీ సిన్నకొడుకు రమేషు కాళ్ళు నీ కాళ్ళలాగే పొంగుతన్నాయి, సూడకుండా ఎల్లిపోనావు మావో, నెగు మావో, నెగిసి ఆ నుయ్యి పూడ్సేసి పో."

రమేష్ సూర్యం తమ్ముడు. అప్పటికి కాళ్ళు కనపడకుండా పొడుగు ప్యాంట్లే వేస్తున్నాడు. నిమ్మాడలో సంబంధం కుదిరింది. పిల్ల పేరు కృష్ణవేణి, తండ్రి మల్లేశ్వరరావు. వాళ్ళ వైపు ఈ జబ్బు లేదు. అక్కడి నీళ్ళు వేరు, పొలాలు వేరు. తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం ఏడాది తిరిగాక పెట్టుకుందామన్నారు.

"ఆ ముక్క తీసెయ్యాలి పంతులు" అన్నాడు సూర్యం. "మా తమ్ముడి బతుకది."

"తీసేస్తాను గురూ, నాదీ పూచీ."

పాటలో తీసేశాడు. సూర్యం చెవులకి పెట్టుకుని విన్నాడు, లేదు. విశాఖపట్నంలో క్యాసెట్లు అచ్చుకొట్టించడానికి మాత్రం ఫణిశంకర్ ఒక్కడే వెళ్ళాడు. అక్కడ రెండోవైపు చివర కొంత టేపు ఖాళీగా మిగిలిందట. ఖాళీ ఎందుకు పోవాలనుకున్నాడట. ఆఖరి పాట తర్వాత కొంతసేపు ఏమీ లేకుండా వదిలి, ఆ తర్వాత బొడ్డమ్మ శోకం మొదటి నుంచీ చివరిదాకా, గిటారు లేకుండా, కోత లేకుండా పెట్టేశాడు. అట్ట మీద రాయలేదు. వినేవాడు ఉలిక్కిపడాలని, ఫారిన్ బ్యాండ్లు అలా చేస్తాయని తర్వాత చెప్పాడు. సూర్యం ఇంట్లో క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. పాట అవగానే ఎవరైనా ఏం చేస్తారు? మీట నొక్కి ఆపేస్తారు.

క్యాసెట్టు వచ్చిన కొత్తలో పలాసలో నవ్వులే నవ్వులు. షాపువాడు స్పీకర్లో పెడితే ఎదురు హోటలువాడు వచ్చి "బాబూ, నా ఇడ్లీలు గట్టిపడిపోతన్నాయి, ఆపు" అన్నాడు. ఆటోవాళ్ళకి మాత్రం టెక్కలి పాట నచ్చింది. తమ కేకలే తాము విని పొంగిపోయారు. బాబ్జీ రోజూ షాపుకి వెళ్ళి ఎన్ని పోయాయని అడిగి, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. సూర్యానికి అవేమీ పట్టలేదు. అట్ట మీద తన పేరు అచ్చులో ఉంది. బేస్ గిటార్, సూర్యం. చదివింది ఎనిమిదే గానీ ఆ ముక్క చదవడానికి అది చాలు.

ఒక సంతరోజు మధ్యాహ్నం కాశీబుగ్గ నుంచి బయల్దేరిన ప్రైవేటు బస్సులో బొడ్డమ్మ ఎక్కింది. ఒడిలో ఎండుచేపల బుట్ట. బస్సు నిండా వాళ్ళ వైపు ఊళ్ళ జనమే. డ్రైవరు సూర్యానికి తెలిసినవాడు, అభిమానం కొద్దీ జీడి పొగ పెట్టాడు. జనం విసుక్కున్నారు, నవ్వారు, కొందరు తలూపారు. "ఇదేనేటి పిన్నీ మీవోడిది? ఇనుప సామాన్ల కొట్టు కూలిపోనట్టుంది" అని వెనక సీటామె అంటే బొడ్డమ్మ కూడా నవ్వింది. ఆఖరి పాట అయిపోయింది. డ్రైవరు చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, మలుపుల దారి. టేపు ఊరికే తిరుగుతోంది.

అప్పుడు స్పీకర్లోంచి బొడ్డమ్మ ఏడ్చింది.

బస్సులో ఆడవాళ్ళు ముందు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, దారిలో ఎవరింట్లోనో ఎవరో పోయారనుకుని. తర్వాత గొంతు పోల్చుకున్నారు. తర్వాత రమేషు పేరు విన్నారు, కాళ్ళ మాట విన్నారు. వెనక సీటామె లేచి, "ఓరి సచ్చినోడా, కట్టీరా దాన్ని" అని డ్రైవరు మీద అరిచింది. అతను కంగారులో మీట బదులు ఇంకోటి తిప్పాడు. శోకం ఇంకా పెద్దదైంది.

బొడ్డమ్మ బుట్ట దింపి, బస్సు ఆపించి, దిగిపోయింది. ఎండలో ఇసకదారిని నడిచి ఇంటికొచ్చింది. సూర్యం వాకిట్లో కొబ్బరిపీచు ఆరబెడుతున్నాడు.

"బస్సేదమ్మా?"

"నీ పాట ఇన్నానురా."

"ఏ పాట?"

"నాదే." ఆమె గుమ్మంలో కూర్చుంది. "అది మీ అయ్యకి ఏడ్సినాను నాయినా. బస్సుకి ఏడవనేదు."

సూర్యం లోపలికెళ్ళి క్యాసెట్టు రెండోవైపు పెట్టి, ఆఖరి పాట దాటించి, టేపు చప్పుడు వింటూ కూర్చున్నాడు. శోకం మొదలైంది. రమేష్ పక్కగదిలోంచి వచ్చి, అన్న వెనక నిలబడి, మొత్తం విన్నాడు. వంగి ప్యాంటు మడత సరిచేసుకుని బయటికెళ్ళిపోయాడు.

బస్సులో ఉన్నవాళ్ళు ఎవరూ మాట బయట పెట్టలేదు. ఆ విషయంలో ఊరిని తప్పు పట్టడానికి లేదు, కట్టుబాటు తెలిసినవాళ్ళు. కానీ క్యాసెట్టుకి ఏ కట్టుబాటు తెలుసు? టెక్కలిలో, కోటబొమ్మాళిలో, నరసన్నపేటలో షాపుల్లో ఉంది. సూర్యం సైకిలేసుకుని దొరికినవన్నీ కొనుక్కొచ్చాడు. కొన్న ప్రతి షాపువాడూ "బాగా పోతన్నాయే" అని బాబ్జీకి ఫోను చేసి ఇంకా తెప్పించాడు. పదిహేను రోజులు తిరక్కుండానే నిమ్మాడ నుంచి మల్లేశ్వరరావు వచ్చాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. గ్లాసు పట్టుకుని, అందులోకి చూసి, అరుగు మీద పెట్టేశాడు.

"మీ మీద గౌరవం నేక కాదు బాబూ" అన్నాడు సూర్యంతో. "నా కూతురు రేపు ఇలగే ఏడవాల. అది నేను ఇననేను."

తాంబూలం పళ్ళెం తిరిగొచ్చింది.

సూర్యం టెక్కలి వెళ్ళి ఫణిశంకర్ కాలరు పట్టుకున్నాడు. మాస్టారు అడ్డం వచ్చి, "చదువుకోనివాడిలా ఏమిటిది" అన్నారు. ఫణిశంకర్ మాత్రం కోపగించుకోలేదు. తప్పైపోయిందన్నాడు, కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. తీసేస్తానన్నది పాటలో కదా, అది పాట కాదు కదా అనుకున్నానన్నాడు. ఆ నీళ్ళు నిజమైనవేనని సూర్యం ఇప్పటికీ ఒప్పుకుంటాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

అలా కొన్నాళ్ళు గడిచాక హైదరాబాదులో ఒక ఇంగ్లీషు పేపరు జీడి పొగ గురించి అరపేజీ రాసింది. రాసినాయన చివరిదాకా ఆపకుండా విన్నాడు కాబోలు. ఆ శోకం గురించే రాశాడు. ఇంత భయంకరమైనదీ, ఇంత నిజమైనదీ తెలుగు టేపు మీద ఎప్పుడూ రాలేదన్నాడట. ఫణిశంకర్ ఫొటో వేశారు. సూర్యం పేరు లేదు, "జానపద కళాకారులు" అని ఉందట. వెంటనే మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చింది. సీడీ వేస్తామన్నారు. ఇచ్చే డబ్బుతో బాబ్జీ కాగితం చింపించి ఇంకా మిగులుతుంది. ఒకటే షరతు. శోకం ఉండాలి, ఏడ్చినావిడ వేలిముద్ర కావాలి.

ఫణిశంకర్ కంపెనీ కాగితం పట్టుకుని కారులో వచ్చాడు. బాబ్జీ పెట్టిన గడువు అయిపోవస్తోంది. ఇద్దరూ తోటలోకి నడిచారు. పూత సమయం, చెట్ల కింద ఘాటుగా ఉంది.

"శోకం తీసేసి వెయ్యమను" అన్నాడు సూర్యం.

"అది తీసేస్తే వాళ్ళకి అక్కర్లేదు గురూ."

"మరి మిగతావి? నా ఏలు?"

ఫణిశంకర్ చెట్టు కేసి చూశాడు. "నీ వేలు చాలా గొప్పది. కానీ వాళ్ళు రాసింది దాని గురించి కాదు."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. సూర్యం కాగితం తీసుకుని ఇంట్లోకెళ్ళాడు. రమేష్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి పట్నం వెళ్ళి పరీక్షలు చేయించుకుని వచ్చాడు. ప్యాంటు మానేసి లుంగీ కట్టుకుంటున్నాడు.

"ఏయించెయ్ అన్నియ్యా" అన్నాడు. "ఇంకేటి దాయాలి? తోటైనా మిగుల్తాది."

బొడ్డమ్మ బియ్యం ఏరుతోంది. సంగతి విన్నది. చేట పక్కన పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, బొటనవేలు చాపింది.

"ఎయ్యమంతే ఏత్తాను. నాకేటి తెలుస్తాది. ఎయ్యమని నువ్వు సెప్పు."

సూర్యం ఆ వేలికేసి చూశాడు. పిక్కలు ఒలిచి ఒలిచి జీడినూనెకి గీతలు చెరిగిపోయిన వేలు. తన వేలు కూడా అలాంటిదే. ఆమె చెయ్యి అలాగే చాపి ఉంచింది, కొడుకు చెప్పేదాకా.

"బియ్యం ఏరుకో అమ్మా" అన్నాడు.

బయటికొచ్చి కాగితం ఫణిశంకర్ జేబులో పెట్టాడు. "శోకం టేపు నాకియ్యి. నచ్చకపోతే కాల్చెయ్యమన్నావు కదా."

ఇచ్చాడు, అది మాత్రం ఇచ్చాడు. సూర్యం దాన్ని బట్టీలో వేశాడు. కంపెనీ మళ్ళీ రాలేదు. ఫణిశంకర్ విశాఖపట్నంలో వేరే బ్యాండు పెట్టుకున్నాడు. పల్లెటూరి కళాకారులు కలిసిరాక జీడి పొగ మూలపడిందని ఎక్కడో చెప్పాడట. అప్పన్న తప్పెటలకి పోయాడు. బేస్ గిటారు ఆర్కెస్ట్రావాడే సగం ధరకి కొన్నాడు.

గడువు దాటిన మర్నాడు బాబ్జీ మనుషులతో వచ్చి కొలతలు వేయించాడు. "పాటలు కనపడవని ముందే సెప్పినాను అల్లుడూ" అన్నాడు, బాధగానే. తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఆ ఏడు పిక్కలు ఏరడానికి బొడ్డమ్మ కూలికి వెళ్ళింది, తన తోటలోకే. కంచె ఇవతల నిలబడి సూర్యం, బాబ్జీకి రాసిన కాగితం నకలు మీది కొలత మరోసారి చదువుకున్నాడు. కాపుకొచ్చిన జీడితోట, ఎకరం ముప్ఫై నాలుగు సెంట్లు.